సంపు మోటారు ఎప్పుడు వేయాలో ఎవరు నిర్ణయించాలి: మన ప్యానలా, ఎక్కడో ఉన్న సర్వరా?

నిజాంపేట్_సెక్రటరీ

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ సంఘం తరఫున అడుగుతున్నాను. సెల్లార్, దాని మీద ఐదు అంతస్తులు. కింద సంపు, పైన రెండు ట్యాంకులు, రెండు బోర్లు. జలమండలి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, టైము మాత్రం ఎప్పుడూ ఒకలా ఉండదు. ఇప్పటిదాకా అంతా మా వాచ్‌మన్ చేతి మీదే నడుస్తోంది. నల్లా వచ్చిందా, సంపు నిండిందా చూసుకోవాలి, మోటారు వేయాలి, పైన పొర్లకముందే కట్టేయాలి. ఆయనకు వయసు మీద పడింది. అర్ధరాత్రి లేచి టార్చి పట్టుకుని టెర్రస్ ఎక్కుతుంటే చూడలేకపోతున్నాం.

ఆటోమేషన్ పెట్టిద్దామని మీటింగ్‌లో తీర్మానం అయితే చేశాం. మా ముందు రెండు దారులున్నాయి. ఒక కంపెనీ వాళ్లు వచ్చి వైఫై కంట్రోలర్ చూపించారు. ట్యాంకులో సెన్సర్, మోటారు దగ్గర ఒక డబ్బా, ఫోన్‌లో యాప్. ప్రతి ఫ్లాట్‌కూ యాప్ ఇస్తారట, రెండో ఏడాది నుంచి చందా కట్టాలి. నెట్ లేకపోతే మోటారు సంగతేంటని అడిగితే "ఈ రోజుల్లో నెట్ ఎక్కడ పోతుందండీ" అన్నారు. రెండోది మా మూడో అంతస్తు కుర్రాడు చెప్పిన పద్ధతి. బయటి సర్వర్‌తో పని లేకుండా బోర్డులు ఇక్కడికిక్కడే మాట్లాడుకుంటాయట. నాకు సగమే అర్థమైంది. జనరల్ బాడీలో ఓటింగుకు పెట్టేలోపు తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

కోఠీ_కాయిల్

నెట్ ఎక్కడ పోతది అన్నాయనకు 2025 ఆగస్టు యాదికి తేండి అన్నా. రామంతాపూర్‌ల కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయిన్రు. ఆ తర్వాత స్తంభాల మీది కేబుళ్లు కోసుడు మొదలైంది, సిటీల ఎన్నో కాలనీలల్ల నెట్ బంద్ అయింది. ప్రాణాల ముంగట నెట్ లెక్క కాదు, ఆ వైర్లు తీయాల్సిందే. నేను అడిగేది వేరే. స్తంభం మీది వైరు తెగితే మీ సెల్లార్‌ల మోటారు ఎందుకు ఆగాలె? నీళ్లు మీ సంపులనే ఉన్నయి, ట్యాంకు మీ నెత్తి మీదనే ఉన్నది, మోటారుకు కరెంటు మీ మీటర్ నుంచే వస్తది. ఒక్క నిర్ణయం మాత్రం దేశాలు తిరిగి వస్తున్నది.

ఆ డబ్బా ఎట్ల పనిచేస్తదో ఒకసారి చూడండి. ట్యాంకుల నీళ్లు తగ్గినయని సెన్సర్ మీ రౌటర్‌కు చెప్తది. రౌటర్ నుంచి ఆ ముచ్చట నెట్ కంపెనీకి పోతది, ఆడికెళ్లి డబ్బా చేసినోళ్ల సర్వర్‌కు పోతది. "తక్కువైతే మోటారు వెయ్" అనే రూల్ ఆ సర్వర్ల రాసి ఉన్నది. సర్వర్ జవాబు చెప్తే అది మళ్ల అదే తోవల ఎనకకు వచ్చి మీ రిలేను, అంటే మోటారు వేసే చిన్న ఎలక్ట్రిక్ స్విచ్చును, కొడ్తది. సెన్సర్‌కు రిలేకు నడుమ ఉన్నది ఐదు అంతస్తుల పైపే!

రాయదుర్గం_ఫర్మ్‌వేర్

ఇలాంటి పరికరాలు తయారుచేసే చోటే పనిచేస్తాను కాబట్టి అటువైపు సంగతి చెప్తాను. క్లౌడ్, అంటే కంపెనీ సర్వర్, పెట్టడానికి అసలైన ఇంజినీరింగ్ కారణం ఒకటుంది. మన దగ్గర చాలా నెట్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటికి కనిపించే నెట్ చిరునామా, ఉండదు, వందల ఇళ్లు ఒకే చిరునామా వెనక ఉంటాయి. బయటి నుంచి మీ ఫోన్ నేరుగా మీ ఇంటి డబ్బాను పట్టుకోలేదు. అందుకే డబ్బా తనే బయటికి వెళ్లి సర్వర్‌కు కనెక్ట్ అయి కూర్చుంటుంది, ఫోన్ కూడా అక్కడికే వస్తుంది. ఇద్దరికీ అదే కలిసే చోటు. కొన్నవాళ్లు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి రెండు నిమిషాల్లో వాడుకోవాలంటే ఇంతకంటే సులువైన దారి లేదు. సెక్యూరిటీ అప్‌డేట్లు పంపాలన్నా ఇదే దారి.

కాబట్టి సర్వర్ ఉండటం తప్పు కాదు. రూల్ కూడా అక్కడే పెట్టడం తప్పు. రూల్‌ను డబ్బాలోనే పెట్టి, సర్వర్‌ను చూడటానికి, కబురు చెప్పడానికి మాత్రమే వాడొచ్చు. అలా చేసే కంపెనీలు ఉన్నాయి. చేయనివాళ్లు ఎందుకు చేయరంటే, రూల్ సర్వర్‌లో ఉంటే దాన్ని మార్చడం వాళ్లకు సులువు, చందా అడగడం అంతకంటే సులువు. సెక్రటరీ గారూ, కంపెనీవాళ్లను మాటలతో అడగకండి. డెమోకు వచ్చినప్పుడు రౌటర్ ప్లగ్గు పీకేసి, ట్యాంకులో నీటి మట్టం చూసే ఫ్లోట్‌ను చేత్తో కిందికి వంచండి. మోటారు స్టార్ట్ అయితే కొనొచ్చు.

ప్లానో_నుంచి_పద్మారావునగర్

నేను క్లౌడ్ వైపు మాట్లాడతాను, ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. అమ్మానాన్నలు పద్మారావునగర్‌లో ఉంటారు, నేను టెక్సస్‌లో. గీజర్ ఆపారా, ఇన్వర్టర్ చార్జింగ్ ఎంతుంది, గేటు దగ్గర ఎవరున్నారు, అన్నీ ఇక్కడి నుంచే చూసుకుంటాను. నాన్నగారికి ఫోన్ చేసి "నాన్నా, రౌటర్ లైటు ఏ రంగులో ఉంది" అని అడిగే పరిస్థితి నాకొద్దు. యాప్‌లో అన్నీ కనిపిస్తే నాకు నిద్ర పడుతుంది. ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ పెట్టి, దాంట్లో లినక్స్ వేసి, అది ఆగిపోతే ఎవరు చూస్తారు? లోకల్ పద్ధతి ఇంట్లో ఒక ఇంజినీరు ఉన్నవాళ్లకే. ఇంకోటి, సర్వర్లు దూరం అనే మాట పాతదైపోయింది. అమెజాన్ క్లౌడ్ విభాగం ఏడబ్ల్యూఎస్ 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే తన సర్వర్ల కేంద్రం (రీజియన్) తెరిచింది.

రాయదుర్గం_ఫర్మ్‌వేర్

రీజియన్ ఇక్కడున్నంత మాత్రాన మీ పరికరం దానితోనే మాట్లాడుతుందని లేదండీ. తయారీదారు తన సర్వర్ ఎక్కడ పెడితే అక్కడికే వెళ్తుంది. 2025 దీపావళి, అక్టోబర్ 20, గుర్తుందా? అమెరికాలో వర్జీనియా రీజియన్‌లో ఏడబ్ల్యూఎస్ వాళ్ల డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసుకు సంబంధించిన డీఎన్‌ఎస్ లోపం, అంటే దాని చిరునామా దొరకని లోపం, వచ్చింది. ఒక్క రీజియన్‌లో, ఒక్క సర్వీసుకు. దాని మీద ఆధారపడ్డ అలెక్సా, రింగ్ లాంటివన్నీ చాలా మందికి పనిచేయలేదు. నీళ్లతో పరుపు వేడి, చల్లదనం సర్దే స్మార్ట్ మంచాలున్నాయి, అవి కూడా ఇరుక్కుపోయాయి. ఆ మంచంలో హీటరు ఉంది, పంపు ఉంది, మనిషి దాని మీదే పడుకుని ఉన్నాడు, వేడి తగ్గించమని చెప్పే దారి మాత్రం లేదు. ఆ తర్వాతే ఆ కంపెనీ నెట్ లేకుండా వాడుకునే వీలు తెచ్చింది.

పాశమైలారం_లూప్

ఫార్మా ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. మీరంతా ఇప్పుడు చర్చిస్తున్న విషయాన్ని మా రంగం యాభై ఏళ్ల కింద తేల్చుకుంది, అది చెప్పాలనిపించింది.

1960ల్లో కొన్ని ప్లాంట్లలో ఒకే పెద్ద కంప్యూటర్ పెట్టి, అన్ని వాల్వులనూ దానితోనే నడిపారు. అది ఆగితే ప్లాంటంతా ఆగేది. 1975లో హనీవెల్ టీడీసీ 2000, యోకోగావా సెంటమ్ అనే కంట్రోల్ సిస్టమ్‌లు వచ్చాయి. డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టమ్ (పంచిన నియంత్రణ) అన్నది అప్పటి నుంచి స్థిరపడింది. కంట్రోలర్లు విడివిడిగా ఉంటాయి. ఒక్కోటి తన చేతిలో ఉన్న కొన్ని లూపులనే, అంటే కొలిచి సర్దే పనులనే, చూసుకుంటుంది. ఆపరేటర్ కూర్చునే స్క్రీన్ వాటికి పైన ఒక కిటికీ మాత్రమే. స్క్రీన్ నల్లబడితే కంగారు పుడుతుంది నిజమే, కానీ రియాక్టర్ జాకెట్ ఉష్ణోగ్రత ఎక్కడుండాలో అక్కడే ఉంటుంది, ఎందుకంటే దాన్ని పట్టుకున్న కంట్రోలర్‌కు స్క్రీన్‌తో పని లేదు. రసాయనాలతో పనిచేసేచోట ఇంతకంటే తక్కువ భరోసాతో ఎవరూ ఒప్పుకోరు.

ఇక్కడ ఇంకో మాట. "లోకల్" అని మీరంతా ఒకే గాటన కట్టేస్తున్నారు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఒకటి పెట్టి, అన్ని రూల్సూ దాంట్లోనే రాసి, రిలే బోర్డులను దాని ఆజ్ఞ కోసం ఎదురుచూసేలా చేస్తే అది 1960ల పద్ధతే. సర్వర్ వర్జీనియా నుంచి మీ హాల్లోకి వచ్చింది, అంతే. ఎస్‌డీ కార్డు పోయిన రోజు మోటారు ఆగుతుంది. నిజంగా పంచిన పద్ధతిలో మోటారు పక్కనున్న బోర్డుకే రూల్ తెలిసుండాలి. పై కంప్యూటర్ ఉంటే లెక్కలు రాసుకుంటుంది, లేకపోతే లేదు.

కోఠీ_కాయిల్

లూప్ సార్ చెప్పింది బంగారం. చిన్న బోర్డుల్ల రూల్స్ రాసే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్ వాడేటోళ్లకు గిదే విషయంల ఒక ముఖ్యమైన సెట్టింగ్ చెప్తున్న, రాసుకోండి. దాంట్ల రూల్ బోర్డుల్నే రాయొచ్చు, ఈఎస్‌పీ32 అనే ఆ చిన్న బోర్డు తనంతట తనే నడుస్తది. కని పై కంప్యూటర్‌ల నడిచే హోమ్ అసిస్టెంట్ వచ్చి కలవకపోతే 15 నిమిషాలకు బోర్డు రీస్టార్ట్ అయ్యేటట్లు మామూలుగ సెట్ అయి ఉంటది. వైఫై దొరకకపోయినా గంతే, 15 నిమిషాలు. అంటే రౌటర్ కాలిపోయిన రోజు మీ మోటారు పావుగంటకోసారి ఆగి మళ్ల లేస్తది. రూల్ ఖచ్చితంగున్నా పాడు కనెక్షన్ దాన్ని ఆపుతున్నట్టే. ఏపీఐ (హోమ్ అసిస్టెంట్‌తోటి కలిసే భాగం) కింద ఒకటి, వైఫై కింద ఒకటి, రెండు రీబూట్ టైమౌట్లనూ సున్నా సెకన్లు చేయాలె.

టాస్మోటా అనే గసొంటి సాఫ్ట్‌వేర్ వాడేటోళ్లకు ఇంకోటి. ఒక్కోసారికి నడుమ పది సెకన్ల కంటే తక్కువ ఎడంతోటి వరసగా ఏడు సార్లు కరెంటు పోయి వచ్చిందనుకో, ఎవరో కావాలని రీసెట్ చేస్తున్నరనుకొని అది అన్ని సెట్టింగులూ తుడిచేసుకుంటది. గాలివాన వచ్చినప్పుడు మన దగ్గర కరెంటు కొట్టుకునే తీరు మీకు తెల్సు. సెట్‌ఆప్షన్65ను 1 చేస్తే ఆ రీసెట్ బంద్ అయితది. పవర్‌ఆన్‌స్టేట్‌ను 0 పెడితే కరెంటు రాంగనే రిలే ఆఫ్‌లనే ఉంటది. మోటారుకు ఈ రెండూ తప్పనిసరి.

నిజాంపేట్_సెక్రటరీ

చాలా ఉపయోగపడుతోందండీ. కుర్రాడు ఎమ్‌క్యూటీటీ అన్నాడు, హోమ్ అసిస్టెంట్ అన్నాడు, జిగ్బీ అన్నాడు. ఇవన్నీ ఒకటేనా? కమిటీలో రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగులున్నారు, వాళ్లకు చెప్పేలా చెప్పగలరా?

రాయదుర్గం_ఫర్మ్‌వేర్

హోమ్ అసిస్టెంట్ అన్నది కంప్యూటర్‌లో నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్. 2013లో పాలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టారు. 2024 నుంచి ఓపెన్ హోమ్ ఫౌండేషన్ చేతిలో ఉంది, అంటే ఒక కంపెనీ కొనేసి మూసేసే భయం తక్కువ. రకరకాల కంపెనీల వస్తువులన్నీ ఒకే తెర మీద చూపిస్తుంది.

ఎమ్‌క్యూటీటీ అన్నది వస్తువులు కబుర్లు చెప్పుకునే పద్ధతి. 1999లో ఐబీఎమ్‌కు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్ కంపెనీకి చెందిన ఆర్లెన్ నిపర్ కలిసి దీన్ని తయారుచేశారు. దూరాన ఉన్న చమురు పైపులైన్ల సమాచారం శాటిలైట్ లింకు మీద తెప్పించుకోవడానికి. లింకు ఖరీదు, తరచూ తెగేది, కాబట్టి కబురు వీలైనంత చిన్నదిగా ఉండాలి. అందుకే చిన్న బోర్డులకు సరిపోయింది. అయితే దీనికి మధ్యలో బ్రోకర్ అనే తపాలా ఆఫీసు కావాలి. అది ఆగితే కబుర్లు ఆగుతాయి. లూప్ గారు చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది.

జిగ్బీ రేడియో పద్ధతి, 2.4 గిగాహెర్ట్జ్ మీద. ఒక వస్తువు నుంచి ఇంకోదానికి అందించుకుంటూ పోతుంది. దీనిలో బైండింగ్ అని ఉంది, చాలామందికి తెలియదు. స్విచ్చును బల్బుకు నేరుగా ముడివేస్తే మధ్యలో హబ్ చచ్చిపోయినా స్విచ్చు నొక్కితే బల్బు వెలుగుతుంది. జూబ్లీహిల్స్, కోకాపేట విల్లాల్లో పెట్టే కేఎన్‌ఎక్స్ అనే వైరింగు పద్ధతి మొత్తం ఈ సూత్రం మీదే కట్టింది. ప్రతి స్విచ్చులోనూ, ప్రతి రిలేలోనూ తన పని రాసి ఉంటుంది, మధ్యలో యజమాని కంప్యూటర్ లేదు. రెండు తీగల బస్సు మీద సెకనుకు 9600 బిట్ల వేగం. ఇంత నెమ్మదా అనిపిస్తుంది కానీ దీపం వేయడానికి అది చాలు. ఖరీదు మాత్రం అపార్ట్‌మెంట్ సంఘాలు మోసేది కాదు.

మ్యాటర్ అనే స్మార్ట్ వస్తువుల ఉమ్మడి ప్రమాణం గురించి కూడా అడుగుతారు. 1.0 వెర్షన్ 2022 అక్టోబర్‌లో వచ్చింది. వస్తువులు ఇంటి నెట్‌వర్క్‌లోనే మాట్లాడుకోవాలన్నది దాని మూలసూత్రం. ఇంటి లైట్లు, ప్లగ్గులు కొత్తగా కొంటుంటే డబ్బా మీద మ్యాటర్ గుర్తు చూసి కొనండి. సంపు మోటారుకు దానితో పని లేదు.

సైనిక్‌పురి_టీచర్

ఇంటి సంగతి నేను చెప్తాను. మా ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు అన్నీ స్మార్ట్ చేశాం. అత్తయ్యగారికి ఎనభై దాటాయి. ఆవిడ ఫోన్ ముట్టుకోరు, మాటలతో చెప్పే డబ్బాకు ఆవిడ తెలుగు అర్థం కాదు. ఆవిడకు తెలిసింది గోడ మీద స్విచ్చు. అందుకని నేను ఎలక్ట్రీషియన్‌కు ఒకే షరతు పెట్టాను: గోడ స్విచ్చు ఎప్పుడు నొక్కినా పని జరగాలి. పాత స్విచ్చు తీయకుండా దాని వెనక డబ్బాలో చిన్న రిలే పెట్టించాం. ఆ స్విచ్చు తీగ నేరుగా రిలేకే వెళ్తుంది. నెట్ ఉన్నా లేకపోయినా, వైఫై ఉన్నా లేకపోయినా టక్కుమని వెలుగుతుంది.

పెట్టించేముందు ఒకటి చూసుకోండి. పాత ఇళ్లలో చాలాచోట్ల స్విచ్‌బోర్డులోకి న్యూట్రల్ తీగ రాదు, ఫేజ్ మాత్రమే వస్తుంది. ఇలాంటి రిలేల్లో చాలావాటికి న్యూట్రల్ కావాలి. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు ప్రతి బోర్డుకూ న్యూట్రల్ లాగించుకోండి, లోతైన డబ్బాలు పెట్టించుకోండి. తర్వాత గోడ పగలగొట్టే పని తప్పుతుంది.

తెలుగు మాటల విషయంలో నాకు ఆశ ఉంది. ఓపెన్‌ఏఐ 2022లో బయటపెట్టిన, మాటలను అక్షరాలుగా మార్చే విస్పర్ మోడల్ ఇంట్లో కంప్యూటర్ మీదే నడుస్తుంది, తెలుగు కూడా తీసుకుంటుంది. చిన్న మోడళ్లు ఇంకా తడబడుతున్నాయి. అది బాగుపడిన రోజు అత్తయ్యగారు "ఒరేయ్, వరండా దీపం వేయరా" అంటే ఆ గొంతు ఇల్లు దాటకుండా దీపం వెలగాలి. అది చూడాలని నాకు చాలా కోరికగా ఉంది.

ప్లానో_నుంచి_పద్మారావునగర్

టీచర్ గారూ, గోడ స్విచ్చు మాట నాకు బాగా తగిలింది. మా ఇంట్లో గీజర్ ప్లగ్గుకు అసలు బటనే లేదు, యాప్ ఒక్కటే. నాన్నగారు నన్నడిగి వేయించుకుంటారు. ఇది మార్చాలి.

కానీ నా ప్రశ్న అలాగే ఉంది. పూర్తిగా లోకల్ చేస్తే ఇక్కడి నుంచి ఎలా చూడాలి?

రాయదుర్గం_ఫర్మ్‌వేర్

వైర్‌గార్డ్ అనే గుప్త నెట్ దారి (వీపీఎన్) పద్ధతి మీద నడిచే టెయిల్‌స్కేల్ లాంటిది పెట్టుకోండి. పబ్లిక్ ఐపీ లేకపోయినా పనిచేస్తుంది. మీ ఫోన్ ప్లానోలో ఉన్నా పద్మారావునగర్ వైఫైలో ఉన్నట్టే ఉంటుంది. లేదా హోమ్ అసిస్టెంట్ వాళ్లదే చందా సర్వీసు ఉంది, ఆ డబ్బు సాఫ్ట్‌వేర్ అభివృద్ధికే వెళ్తుంది. ఈ దారి మూసుకుపోతే మీరు చూడలేరు, అంతే. ఇంట్లో గీజర్ మాత్రం టైముకు ఆగుతుంది.

కెమెరాలకూ ఇదే పాటించండి. వేరే కంపెనీల రికార్డర్లతోనూ కలిసే ఆన్‌విఫ్ ప్రమాణం ఉన్న కెమెరా తీసుకుని, రికార్డింగు ఇంట్లోని ఎన్‌వీఆర్ అనే రికార్డర్‌లో పెట్టుకుంటే వీడియో బయటికి వెళ్లాల్సిన అవసరమే లేదు. ఫ్యాక్టరీ పాస్‌వర్డు మాత్రం మొదటి రోజే మార్చండి. 2016 అక్టోబర్‌లో మిరాయ్ అనే బాట్‌నెట్ (దొంగతనంగా లొంగదీసుకున్న పరికరాల దండు) వెబ్‌సైట్ల చిరునామాలు చెప్పే డైన్ అనే కంపెనీ మీద దాడి చేసి పెద్దపెద్ద వెబ్‌సైట్లను ఆపింది. దాని సైన్యమంతా పాస్‌వర్డు మార్చని కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లే.

పాశమైలారం_లూప్

కంపెనీ మూతపడటం గురించి కూడా కమిటీకి చెప్పండి. రివాల్వ్ అనే హోమ్ హబ్ ఉండేది, 300 డాలర్లు. ఆ కంపెనీని నెస్ట్ కొనేసింది, 2016 మేలో సర్వర్ ఆపేశారు. హబ్ బాగానే ఉంది, రేడియోలు బాగానే ఉన్నాయి, కానీ పనిచేయడం మానేసింది.

2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ స్విచ్చుల కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఆ స్విచ్చులు, ల్యాంపు మాడ్యూళ్లు ఒకదాని లింకు ఇంకోటి తన జ్ఞాపకంలోనే దాచుకునేలా తయారుచేశారు. యాప్ పోయింది, షెడ్యూళ్లు పోయాయి, గొంతుతో చెప్పే వీలు పోయింది. ఒకదానికొకటి ముడివేసిన స్విచ్చులు మాత్రం అలాగే పనిచేశాయి. ఒకే కంపెనీ, ఒకే ఇల్లు, ఒకే రోజు. క్లౌడ్‌లో పెట్టిన సగం పోయింది, వస్తువుల్లో పంచిన సగం నిలబడింది. తర్వాత జూన్‌లో వాడకందార్లే కొందరు కలిసి ఆ కంపెనీని కొని సర్వర్లు మళ్లీ లేపారు. అంత అభిమానం అన్ని కంపెనీలకూ దొరకదు.

ప్యానల్_బోర్డ్

అందరూ సాఫ్ట్‌వేర్ మాట్లాడుతున్నారు. నేను మోటారు ప్యానళ్లు కడతాను, కొంచెం కరెంటు మాట్లాడనివ్వండి. ప్రాణాలతో పని.

సెక్రటరీ గారూ, ఏ పద్ధతి పెట్టినా ఆ చిన్న రిలే మీద మోటారు వేయనివ్వకండి. దాని మీద 10 ఆంప్స్ అని రాసి ఉంటుంది. మోటారు స్టార్టింగులో మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది, కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కుంటే యాప్‌లో ఆఫ్ అని చూపిస్తుంది, మోటారు నడుస్తూనే ఉంటుంది. రిలే కాంటాక్టర్ (మోటారుకు వాడే పెద్ద స్విచ్చు) కాయిల్‌ను మాత్రమే ఆపరేట్ చేయాలి. మోటారు లోడును కాంటాక్టరే మోయాలి, మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపే ఓవర్‌లోడ్ రిలే ఉండాలి. త్రీ ఫేజ్ అయితే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తప్పనిసరి, ఒక ఫేజ్ పోతే మోటారు మూలుగుతూ వైండింగు కాల్చుకుంటుంది.

సంపులో అడుగున ఒక ఫ్లోట్ పెట్టండి, నీళ్లు అయిపోతే మోటారు ఆగడానికి. ఇది ఏ బోర్డూ అడగకుండా, ఏ ప్రోగ్రామూ లేకుండా నేరుగా కంట్రోల్ సర్క్యూట్‌లో సిరీస్‌లో ఉండాలి. ఆ ఫ్లోట్ తీగలో 230 వోల్టులు పంపొద్దు. నీళ్లలో వేలాడే తీగ, రేపు సంపు కడగడానికి మనిషి దిగుతాడు. 24 వోల్టుల రిలే పెట్టి దానితో నడపండి. ప్యానల్‌కు కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ, మంచి ఎర్తింగు ఉండాలి.

తలుపు మీద ఆటో, ఆఫ్, మాన్యువల్ అని మూడు స్థానాల సెలెక్టర్ పెట్టండి. మాన్యువల్‌లో బోర్డు పూర్తిగా పక్కకు పోవాలి, ఓవర్‌లోడ్, కింది ఫ్లోట్ మాత్రం అలాగే ఉండాలి. బోర్డు కాలిపోయినా మీ వాచ్‌మన్ సెలెక్టర్ తిప్పి నీళ్లు ఎక్కించుకుంటాడు. దీన్ని వద్దనే కంపెనీ ఎంత మంచి యాప్ చూపించినా ఒప్పుకోకండి.

పాశమైలారం_లూప్

ప్యానల్ గారు చెప్పిన ప్రతి మాటకూ నా సంతకం. సెన్సర్ గురించి ఒకటి కలుపుతాను. పైనుంచి కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్లు చవక, కానీ ట్యాంకు మూత కింద చెమ్మ పట్టి తప్పు చూపిస్తాయి, దాదాపు 20 సెంటీమీటర్ల లోపు దగ్గరికి నీళ్లు వస్తే వాటికి కనపడదు. మంచిది పెట్టగలిగితే నీళ్లలో ముంచితే ఒత్తిడిని బట్టి మట్టం చెప్పే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్, 4 నుంచి 20 మిల్లీఆంప్స్‌ది తీసుకోండి. ఖాళీ ట్యాంకు 4, నిండు ట్యాంకు 20, సగం 12. కోతి తీగ తెంపిందనుకోండి, సున్నా వస్తుంది. ట్యాంకులో నీళ్లు లేకపోవడానికీ తీగ తెగిపోవడానికీ తేడా బోర్డుకు తెలుస్తుంది. ఈ తేడా తెలియకపోతే తీగ తెగిన రోజు ట్యాంకు ఖాళీ అనుకుని మోటారు నడుస్తూనే ఉంటుంది, పైన నీళ్లు పొర్లుతూనే ఉంటాయి.

రూల్ రాసేటప్పుడు కూడా ఇదే ఆలోచన ఉండాలి. పై నుంచి కొంతసేపు కొత్త కొలత రాకపోతే మోటారు ఆగాలి. మామూలుగా ట్యాంకు నిండడానికి పట్టే టైముకు కొంచెం ఎక్కువ గరిష్ఠ పరిమితి పెట్టాలి, అది దాటితే సెన్సర్ ఏం చెప్పినా ఆగి బజర్ మోగాలి.

నిజాంపేట్_సెక్రటరీ

ఇక నా మనసులో అసలు భయం అడుగుతాను. ఆ కుర్రాడు మంచివాడు, చేసిపెడతాడు. కానీ వచ్చే ఏడాది ఎమ్మెస్‌కు వెళ్తున్నాడు. తర్వాత ఎవరు చూస్తారు? కమిటీలో ఈ ప్రశ్న మొదట వస్తుంది.

ప్లానో_నుంచి_పద్మారావునగర్

నేను మొదట్నుంచీ చెప్తున్నది ఇదే. కంపెనీకైతే కనీసం ఫోన్ చేసే నంబరు ఉంటుంది.

ప్యానల్_బోర్డ్

అందుకే కింది పొర ఎవరైనా బాగుచేయగలిగేలా ఉండాలి. నెట్టూ యాప్ ఏదీ లేని మామూలు వాటర్ లెవెల్ కంట్రోలర్లు రాణిగంజ్‌లో ఎప్పటి నుంచో దొరుకుతున్నాయి. పైన రెండు ఫ్లోట్లు, కింద ఒకటి, ఒక కాంటాక్టర్. మోటారును అదే నడపనివ్వండి. అది పాడైతే మీ గల్లీ ఎలక్ట్రీషియన్ మారుస్తాడు, అమెరికాకు ఫోన్ చేయనక్కర్లేదు. కుర్రాడి బోర్డు దాని పక్కన కూర్చుని చూడనివ్వండి. ట్యాంకు ఎంత నిండిందో, మోటారు ఎంతసేపు నడిచిందో ఫోన్లకు చెప్పనివ్వండి. వద్దు అనుకున్నప్పుడు ఆపే అధికారం ఇవ్వండి, వేసే అధికారం ఇవ్వకండి.

కోఠీ_కాయిల్

ఇది మస్తున్నది. ఆ బోర్డు కూడా ఒకటి కొనకండి, రెండు కొనండి. ఈఎస్‌పీ32 కొన్ని వందల రూపాయలే. రెండింటిలనూ ఒకే ప్రోగ్రాం ఎక్కించి, రెండోది ప్యానల్ లోపలనే ప్లాస్టిక్ కవర్ల వేలాడదీయండి. ప్రోగ్రాం ఫైలు సంఘం మెయిల్‌ల ఉండాలె, పిలగాని లాప్‌టాప్‌ల కాదు. ఏ తీగ ఏ పిన్నుకు పోతదో తెలుగుల రాసి ప్యానల్ తలుపు లోపలి దిక్కు అంటించండి.

నిజాంపేట్_సెక్రటరీ

కుర్రాణ్ని, మా ఎలక్ట్రీషియన్‌ను కూర్చోబెట్టి ఈ థ్రెడ్ మొత్తం చదివించాను. ఫ్లోట్లు, మామూలు కంట్రోలర్, మూడు స్థానాల సెలెక్టర్, పక్కన కుర్రాడి బోర్డు. జనరల్ బాడీలో ఇదే ప్రతిపాదన పెడుతున్నాను. వైఫై కంపెనీ వాళ్లను కూడా పిలిచాను, రౌటర్ ప్లగ్గు పీకి చూపించమని ముందే చెప్పాను. ఇంకా జవాబు రాలేదు.

ఒక్క చిక్కు మిగిలింది. టెర్రస్ మీది ట్యాంకు నుంచి సెల్లార్‌లోని బోర్డు దాకా వైఫై అందడం లేదు. మధ్యలో అన్ని స్లాబులు. రేడియోనా, కేబులా?

పాశమైలారం_లూప్

కేబులే. మీ షాఫ్ట్‌లో పైపుల పక్కన చోటుంటుంది. షీల్డు ఉన్న ట్విస్టెడ్ పెయిర్ లాగి, 4-20 మిల్లీఆంప్స్ సిగ్నల్ దాని మీదే పంపండి. మోటారు కరెంటు తీగలున్న పైపులో వేయకండి, షీల్డును కింద ఒక్క చివరే ఎర్త్ చేయండి. ఫ్లోట్లకు వేరే మల్టీకోర్ తీసుకోండి, రెండు కోర్లు ఎక్కువున్నది. షాఫ్ట్‌లో కేబుల్ లాగడం అసలు కుదరకపోతేనే లోరా అనే రేడియో. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడొచ్చు, స్లాబులను వైఫై కంటే బాగా దాటుతుంది. అప్పుడు పైన బోర్డుకు కరెంటు కావాలి, లేదా బ్యాటరీ మార్చే మనిషి కావాలి.

ప్యానల్_బోర్డ్

టెర్రస్ నుంచి తీగ దిగుతోంది కాబట్టి సెల్లార్ చివర సర్జ్ అరెస్టర్ పెట్టించండి, పిడుగులకు. ఫ్లోట్ల జాయింట్లు ట్యాంకు లోపల వేయొద్దు, బయట వాటర్‌ప్రూఫ్ డబ్బాలో వేయించండి. పని మొదలుపెట్టే ముందు పాత స్టార్టర్ లోపలి ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, కాయిల్ 230 వోల్టులదో 415 వోల్టులదో చూసి చెప్తాను. దాన్నిబట్టే రిలే ఎన్నుకోవాలి.